కొత్త టాటూ మానేదాకా: మన బరంపురం ఎండలో, చెమటలో ఎలా కాపాడుకోవాలి

నా ఎడం చేతి మీద "అమ్మమ్మ" అని రాయించుకున్నాను, తెలుగు అక్షరాల్లో, మణికట్టుకి నాలుగు వేళ్ళ పైన. ఇప్పుడు చూస్తే చక్కగా ఉంటుంది గానీ మొదట్లో దాదాపు రెండు నెలలు అది "అమ్మమ" గానే ఉంది, ఆఖరి మ కింద వత్తు లేదు. వేసినాయన తప్పు కాదది. ఆయన ఒడియా ఆయన, తెలుగు రాదు, అయినా నేను రాసిచ్చిన కాగితం ముందు పెట్టుకుని గీతకి గీత సరిగ్గా వేశాడు. ఐదో రోజు రాత్రి చెయ్యి దుప్పటికి అతుక్కుపోయింది, నిద్రమత్తులో గట్టిగా లాగేశాను, పొక్కుతో పాటు వత్తులో ఉన్న ఇంకు కూడా లేచొచ్చేసింది. పొద్దున్న లేచి చూసుకుంటే ఆ చోట చిన్న ఎర్రటి గుంట, దుప్పటి మీద నల్ల మచ్చ. ఆ తర్వాత ఇంకోటి వేయించుకున్నాను, మా పిన్ని కొడుక్కీ మేనత్త కూతురికీ వేయించినప్పుడు దగ్గరుండి చూసుకున్నాను, అవన్నీ శుభ్రంగా మానాయి. ఆ అనుభవంతో, తర్వాత డాక్టర్లని అడిగి తెలుసుకున్నదాంతో ఇది రాస్తున్నాను. ఒడిశాలో గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ వైపు ఉన్న మన తెలుగువాళ్ళకి ఉపయోగపడాలని, ఎందుకంటే చలి దేశాల వాళ్ళు చెప్పే జాగ్రత్తలు మన చెమటకి, మన చెరువులకి, మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళ చేతి వైద్యానికి సరిపోవు.

ముందు అసలు లోపల ఏం జరుగుతుందో తెలిస్తే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. చర్మం పై పొర ఎప్పటికప్పుడు రాలిపోయి కొత్తది వస్తుంటుంది కదా, ఇంకు అక్కడ పడితే కొన్ని వారాల్లోనే పోతుంది, అందుకే సూది ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతుకి వెళ్ళి కింద పొరలో, అదే డెర్మిస్ లో ఇంకు వదులుతుంది. మెషిన్ సూది నిమిషానికి వందల సార్లు, వేల సార్లు కూడా దిగుతుంది. అంటే అరచెయ్యంత టాటూ అంటే అరచెయ్యంత పుండే. ఒంట్లో మాక్రోఫేజ్ అనే కణాలుంటాయి, బయటి వస్తువేది లోపలికొచ్చినా మింగేసే కణాలు, అవి ఇంకుని కూడా మింగి అరిగించుకోలేక అక్కడే కూర్చుండిపోతాయి. 2018లో ఫ్రాన్స్ లో ఎలుకల తోకల మీద చేసిన పరిశోధనలో తేలింది ఏంటంటే ఆ కణం చచ్చిపోతే ఇంకు బయటపడుతుంది, పక్కనే పుట్టిన కొత్త కణం మళ్ళీ దాన్ని మింగుతుంది, అలా ఒకరి నుంచి ఒకరికి చేతులు మారుతూ ఇంకు అక్కడే ఉండిపోతుంది. అంత గట్టిగా పట్టుకునే ఇంకుని మనం మొదటి రెండు వారాల్లో గోకి, లాగి, నానబెట్టి పాడు చేసుకుంటున్నాం. పై చర్మం మూసుకోడానికి రెండు నుంచి నాలుగు వారాలు, లోపల పూర్తిగా కుదురుకోడానికి మూడు నెలలు, కొందరికి ఇంకా ఎక్కువే పడుతుంది.

వేయించుకున్న రోజు సంగతి. మనలో చాలామంది భువనేశ్వరో వైజాగో వెళ్ళి వేయించుకుని అదే రోజు రైల్లో వెనక్కొచ్చేస్తారు. జనరల్ బోగీలో పక్కవాడి భుజం, సీటు రెక్సిన్, కిటికీ కడ్డీ అన్నీ తగులుతాయి, అందుకని షాపులో చుట్టిన కవర్ ఇంటికొచ్చేదాకా విప్పకండి, మధ్యలో ఫ్రెండ్స్ కి చూపించడానికి అస్సలు విప్పకండి. కవర్లు రెండు రకాలు. ఒకటి వంటింట్లో వాడే పల్చటి ప్లాస్టిక్ లాంటిది, దాన్ని ఇంటికి రాగానే తీసెయ్యాలి, మళ్ళీ చుట్టొద్దు, లోపల చెమట ఉడికి క్రిములకి అన్నం పెట్టినట్టవుతుంది. రెండోది సెకండ్ స్కిన్ అంటారు, చర్మానికి అతుక్కునే పల్చని ఫిల్మ్. అది వేసినవాళ్ళు చెప్పినన్ని రోజులు ఉంచుకోవచ్చు, మామూలుగా మొదటిది ఒక రోజు, మార్చి వేసింది మూడు నుంచి ఐదు రోజులు. లోపల నల్లటి నీరు చేరుతుంది, భయపడొద్దు, అది ఇంకూ ఒంట్లోంచి ఊరే రసీ కలిసిన నీరు. కానీ అంచు లేచి ఆ నీరు కారడం మొదలైతే మాత్రం, మన వేసవిలో ఇది చాలా మామూలు, ఇక దాన్ని ఉంచొద్దు, లోపలికి దారి దొరికింది అని అర్థం. తీసేటప్పుడు గోరువెచ్చని నీళ్ళు పోస్తూ, పైకి పీకకుండా చర్మం వెంబడే పక్కకి సాగదీస్తూ తియ్యాలి. ఫిల్మ్ కింద చర్మం ఎర్రగా దద్దుర్లు లేస్తే ఆ జిగురు మీకు పడలేదు, మళ్ళీ వేయించుకోవద్దు.

ఇక కడగడం. అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే, చాలామంది చెడగొట్టేదీ ఇక్కడే, ఒకరు భయపడి మూడు రోజులు నీళ్ళే తగలనివ్వరు, ఇంకొకరు గంటకోసారి కడిగి పచ్చి చేసేస్తారు. రోజుకి రెండు సార్లు, బాగా చెమట పట్టి బయట తిరిగిన రోజు మూడు సార్లు, అంతే చాలు. ముందు మీ చేతులు సబ్బుతో కడుక్కోండి, గోళ్ళు కత్తిరించుకోండి. బోరు నీళ్ళు, నుయ్యి నీళ్ళు వాడే ఇళ్ళల్లో మొదటి వారం రోజులు కాచి చల్లార్చిన నీళ్ళు వాడితే మంచిది, ఒక చెంబు సరిపోతుంది, పెద్ద పనేం కాదు. వేడిగా వద్దు, గోరువెచ్చగానో చల్లగానో. ఇంట్లో అందరూ వాడే సబ్బు బిళ్ళ, అది ఎప్పుడూ తడి పెట్టెలో నానుతూ ఉంటుంది చూడండి, దాన్ని ముట్టొద్దు, వాసన లేని లిక్విడ్ సోపో సెటాఫిల్ లాంటి మైల్డ్ క్లెన్సరో ఒక చిన్న సీసా కొనుక్కోండి. అరచేతిలో నురగ చేసి వేళ్ళ చివర్లతో మెల్లగా, పసిపిల్లకి లాల పోసినట్టు కడగాలి, పైన జిగురుగా తగిలే రసి అంతా పోవాలి. ఆ రసి ఎండితేనే లావు పొక్కు కడుతుంది, లావు పొక్కు కడితేనే నాకు జరిగినట్టు ఊడొస్తుంది. పీచు, స్పాంజి, నలుగు పిండి దగ్గరికి రానివ్వొద్దు. నీళ్ళు కారి ఇంకు రంగు కనిపిస్తే కంగారు పడకండి, మొదటి రెండు రోజులు మిగులు ఇంకు అలా పోతుంది.

కడిగాక తువ్వాలుతో తుడవొద్దు. మన భుజం మీద ఉండే గాముచ్చా అయితే మొహం, మెడ, చెమట, బండి సీటు అన్నీ తుడిచి ఉంటుంది. శుభ్రమైన టిష్యూ పేపర్ తో అద్దాలి, రుద్దకూడదు, ఆ తర్వాత ఫ్యాన్ కింద పది నిమిషాలు ఊరికే కూర్చోండి. పూర్తిగా ఆరిన తర్వాతే క్రీము.

క్రీము ఎంత అంటే అరచెయ్యంత టాటూకి శనగ గింజంత. అది రాశాక చర్మం కొంచెం నిగనిగలాడాలి గానీ తెల్లగా పేరుకోకూడదు, వేలు జారిపోకూడదు. వాసన లేని, నీళ్ళ ఆధారంగా చేసిన మామూలు మాయిశ్చరైజర్ ఏదైనా సరే, పిల్లలకి వాడే వాసన లేనిదైనా సరే. వేసినవాళ్ళు ప్రత్యేకంగా ఏదైనా ఇస్తే అది వాడండి. వాజెలీన్ లాంటి పెట్రోలియం జెల్లీ మందంగా పూసేవాళ్ళు చాలామంది ఉన్నారు, చలి దేశంలో పొడి చర్మానికి దాని సంగతి ఏమో గానీ మన ఉక్కలో అది గాలి ఆడనివ్వదు, చెమటని లోపలే పట్టేస్తుంది, పైగా అమెరికా చర్మ వైద్యుల సంఘం కూడా టాటూ మీద పెట్రోలియం జెల్లీ వద్దనే చెప్తుంది, ఇంకు వెలిసిపోతుందని. డిసెంబర్ జనవరిలో రోజుకి మూడు సార్లు రాయాల్సొస్తుంది, ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా రెండు సార్లు చాలు, ఇక్కడ గాల్లోనే అంత తేమ ఉంటుంది.

ఇప్పుడు ఇంట్లోవాళ్ళ సంగతి, నాకు చాలా కష్టమైంది ఇదే. మా అమ్మమ్మకి రెండు చేతుల మీదా పచ్చబొట్లు ఉన్నాయి, మూడు చుక్కలూ, ఒక తేలు బొమ్మా. పర్లాకిమిడి దగ్గర పల్లెలో చిన్నప్పుడు పొడిపించుకుందట, ఊరూరా తిరిగే ఎరుకల ఆడవాళ్ళు వచ్చి దీపం మసి కలిపి సూదులతో పొడిచేవాళ్ళట, పైన పసుపు రాసి పొమ్మనేవాళ్ళట. నేను సీసాలో లిక్విడ్ సోపూ టిష్యూలూ పెట్టుకుని కూర్చుంటే "ఓరి బావూ, కాసింత పసుపెట్టరా, రెండ్రోజుల్లో ఆరిపోద్ది, మాకెవుడు క్రీములిచ్చినాడు?" అంటుంది. ఆమె మాట ఊరికే కొట్టిపారెయ్యలేను, ఆమె చేతి బొట్లు అరవై ఏళ్ళ పైనే నిలిచాయి. కానీ ఆమెకి పొడిచింది కొన్ని చుక్కలూ, ఒక చిన్న బొమ్మా, నాకు మెషిన్ తో అరచెయ్యంత మేర. వంటింట్లో పసుపు స్టెరైల్ కాదు, డబ్బాలో తడి స్పూన్లు పడుతుంటాయి, బజార్లో కొన్న పొడిలో రంగు కలిపారో లేదో మనకి తెలీదు, పైగా ఆ పొడి రేణువులు పచ్చి చర్మంలో దిగి గరగరమంటూ ఎండి పొక్కు కట్టిస్తాయి. ఆమెకి ఇలా చెప్పాను: "అమ్మమ్మా, చర్మం మూసుకున్నాక నువ్వే నీ చేత్తో పసుపు రాద్దువు గాని, అప్పటిదాకా ఆగు." ఒప్పుకుంది. మీ ఇంట్లో కూడా పెద్దవాళ్ళతో గొడవ పడొద్దు, తేదీ చెప్పి ఆగమనండి, ప్రేమతో చేసేదే కదా. కొబ్బరి నూనె, వేపాకు ముద్ద, కలబంద మట్ట కోసి రాయడం, ఇవన్నీ కూడా పై చర్మం పూర్తిగా మూసుకున్నాకే. ఇంట్లో కోసిన కలబంద మట్టకి మట్టి, పచ్చటి చేదు రసం ఉంటాయి, చాలామందికి దురద పుడుతుంది.

డెటాల్, సావ్లాన్, స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్, ఇవి రోజూ పోస్తే క్రిములతో పాటు కొత్తగా పుడుతున్న చర్మం కూడా కాలిపోతుంది. ఇంకో పెద్ద ప్రమాదం మెడికల్ షాపు. "టాటూ ఎర్రగా ఉంది" అంటే కౌంటర్లో అబ్బాయి ఒక ట్యూబ్ చేతిలో పెడతాడు, అందులో క్లోబెటసాలో బీటామెథాసోనో ఉంటుంది, అవి స్టెరాయిడ్లు, దాంతో పాటు ఒక యాంటీబయోటిక్, ఒక ఫంగస్ మందు కలిపి ఉంటాయి. రాసిన రోజు ఎరుపు మాయమవుతుంది, బాగుందనిపిస్తుంది, కానీ స్టెరాయిడ్ పుండు మానడాన్ని ఆలస్యం చేస్తుంది, ఇన్ఫెక్షన్ ఉంటే పైకి కనపడకుండా లోపల పెరగనిస్తుంది, ఎక్కువ రోజులు రాస్తే చర్మం పల్చబడుతుంది. నియోమైసిన్ ఉన్న క్రీములకి కొందరికి అలర్జీ కూడా వస్తుంది, అప్పుడు టాటూ అలర్జీయా మందు అలర్జీయా తెలీక తికమక. డాక్టర్ చూసి రాస్తే తప్ప ఏ మందు ట్యూబూ వద్దు.

రాత్రి పడక. మొదటి వారం టాటూ ఉన్న వైపు పడుకోవద్దు. ఉతికిన పాత కాటన్ దుప్పటి పరుచుకోండి, పాతదైతే మెత్తగా ఉంటుంది, మచ్చ పడ్డా బాధ ఉండదు. దోమలకి దోమతెర కట్టుకోండి, దోమల క్రీము టాటూ మీద రాయొద్దు. ఒకవేళ గుడ్డ అతుక్కుంటే దయచేసి లాగొద్దు. మంచం మీదే కూర్చుని గోరువెచ్చని నీళ్ళు ఆ గుడ్డ మీద పోసి నానబెట్టండి, రెండు మూడు నిమిషాల్లో అదే వదులుతుంది. నాకు ఈ ఒక్క విషయం ఎవరైనా ముందు చెప్పి ఉంటే నా వత్తు నాకు మిగిలేది. మన తెలుగు అక్షరాలకి ఈ జాగ్రత్త మరీ ఎక్కువ కావాలి. వత్తులు, తలకట్లు, సున్నాలు చిన్నవి, లోపల ఖాళీలు ఇరుకు, చిన్న పెచ్చు ఊడినా అక్షరం మారిపోతుంది, అర్థమూ మారిపోతుంది. వేయించుకునేటప్పుడే అక్షరం ఎత్తు కొంచెం పెద్దగా పెట్టించుకోండి, ఇంకు ఏళ్ళ మీద కాస్త పాకుతుంది, చిన్న సున్నాలు మూసుకుపోతాయి.

నాలుగో రోజు నుంచి దురద మొదలవుతుంది. అబ్బా, అది మామూలు దురద కాదు. ఎండకి కాలిన చర్మం ఊడినట్టు నల్లటి, రంగు రంగుల పెచ్చులు లేస్తాయి, అవి చూసి ఇంకంతా ఊడిపోతోందని భయమేస్తుంది, అది పై పొరలో ఉన్న ఇంకే, లోపలిది లోపలే ఉంటుంది. వాటంతట అవి రాలనివ్వాలి. సగం ఊడి వేలాడుతున్న పెచ్చుని కూడా పీకొద్దు. గోకొద్దు, అరచేత్తో కొట్టుకోవడం కూడా వద్దు, చల్లటి నీళ్ళలో తడిపి పిండిన శుభ్రమైన గుడ్డ కాసేపు వెయ్యండి, లేదంటే కొంచెం క్రీము రాయండి. నిద్రలో గోక్కునే అలవాటున్న పిల్లలకి చేతికి పల్చటి కాటన్ సాక్సు తొడిగి పడుకోమన్నాను, మా మేనత్త కూతురు అలాగే చేసింది, బాగా పనికొచ్చింది. ఈ దశ రెండో వారం చివరికి తగ్గుతుంది. ఆ తర్వాత టాటూ మసగ్గా, పాలపొర కప్పినట్టు, కొంచెం మెరుస్తూ కనిపిస్తుంది, అది కొత్త చర్మం, ఇంకో రెండు మూడు వారాల్లో తేటపడుతుంది.

చెమట గురించి విడిగా చెప్పాలి. బరంపురంలో మే నెల మధ్యాహ్నం ఊరికే కూర్చున్నా చొక్కా తడిసిపోతుంది. వీలుంటే నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్యలో వేయించుకోండి, సగం కష్టం తగ్గుతుంది. వేసవిలోనే వేయించుకుంటే వదులు కాటన్ బట్టలే వెయ్యాలి, జీన్స్ బెల్టు, బ్యాగు పట్టీ, బ్రా పట్టీ, చేతి గడియారం, మెట్టెలు, పట్టీలు ఒరుసుకునే చోటైతే రెండు వారాలు వాటిని పక్కన పెట్టండి. చెమట పట్టిందని తుడవకండి, అద్దండి. జిమ్ముకి కనీసం వారం ఆగండి, అక్కడ బెంచీల మీద అందరి చెమటా ఉంటుంది. పొలంలో దిగి నాట్లు వేసేవాళ్ళు, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి నేసేవాళ్ళు కాలి మీద వేయించుకుంటే పని తక్కువున్న నెల చూసుకుని వేయించుకోవాలి, బురదలో పుండు పెట్టకూడదు. పలాస వైపు జీడిపప్పు బట్టీల్లోకి పనికెళ్ళేవాళ్ళు చేతి మీద వేయించుకుంటే ఇంకా జాగ్రత్త, జీడి రసం మామూలు చర్మాన్నే కాల్చేస్తుంది, పచ్చి టాటూ మీద పడితే ఇక చెప్పక్కర్లేదు.

నీళ్ళలో మునగడం నాలుగు వారాలు బంద్. స్నానం చెయ్యొచ్చు, నీళ్ళు పోసుకోవచ్చు, తొట్టిలో చెరువులో నదిలో సముద్రంలో మునగకూడదు. గోపాలపూర్ బీచ్ మనకి పదహారు కిలోమీటర్లే, ఆదివారం వచ్చిందంటే ఫ్రెండ్స్ లాక్కెళ్ళిపోతారు, ఉప్పునీళ్ళు పుండుకి మంచివి అని నమ్మకం కూడా ఒకటి ఉంది. 2017లో ఒక మెడికల్ జర్నల్లో వచ్చిన కేసు చెప్తాను. అమెరికాలో 31 ఏళ్ళ ఆయన కాలి మీద టాటూ వేయించుకున్న ఐదు రోజులకి గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ఈదాడు. విబ్రియో వల్నిఫికస్ అనే బ్యాక్టీరియా పుండులోంచి రక్తంలోకి వెళ్ళిపోయింది, ఆయనకి ముందే లివర్ జబ్బు ఉంది, రెండు నెలలు హాస్పిటల్లో ఉండి చనిపోయాడు. అందరికీ అలా అవుతుందని కాదు, కానీ ఆ బ్యాక్టీరియా వెచ్చటి ఉప్పునీళ్ళలో బతుకుతుంది, మన సముద్రమూ రంభ దగ్గర చిలికా నీళ్ళూ వెచ్చనివే, ఉప్పువే. లివర్ బాగోలేనివాళ్ళు, మందు ఎక్కువ తాగేవాళ్ళు, షుగర్ ఉన్నవాళ్ళు అయితే ఈ నాలుగు వారాలు అటువైపు వెళ్తే ఒడ్డు మీదే కూర్చోండి.

తప్తపాణి కూడా అంతే. గంధకం వేడి నీటి బుగ్గ, చర్మ రోగాలు పోతాయని ఎక్కడెక్కడి నుంచో వచ్చి స్నానం చేస్తారు, మా బంధువొకరు టాటూ త్వరగా మానుతుందని మా పిన్ని కొడుకుని తీసుకెళ్తానన్నారు. ఆలోచించండి, చర్మం బాగోలేనివాళ్ళందరూ దిగే నీళ్ళలో మన తెరిచిన పుండు ముంచడం. గట్టిగా వద్దన్నాను. మానాక వెళ్ళండి, హాయిగా ఉంటుంది.

బరంపురంలో ఠాకురాణీ అమ్మవారి యాత్ర రెండేళ్ళకోసారి చైత్రంలో వస్తుంది, ఆ ముందు వారంలోనే కుర్రాళ్ళకి టాటూ మీద మనసు పుడుతుంది. అదే యాత్రలో వేషాలు కడతారు, పులి వేషానికి ఒళ్ళంతా రంగు పూస్తారు. మొక్కు ఉండి వేషం కట్టాల్సిన వాళ్ళు టాటూ యాత్ర తర్వాతే వేయించుకోండి, లేదా కనీసం నెలన్నర ముందు. పచ్చి టాటూ మీద రంగు, ఆ రంగు కడగడానికి కిరోసిన్, ఆ రుద్దుడు, తలుచుకుంటేనే నా చెయ్యి మండుతుంది. హోళీకీ ఇదే మాట. ఇంకోటి, యాత్రల్లో మేళాల్లో నేల మీద కూర్చుని ఒకే సూది, ఒకే ఇంకు గిన్నెతో వరసగా అందరికీ పొడిచేవాళ్ళ దగ్గర దయచేసి వేయించుకోవద్దు. హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి రక్తం ద్వారా పాకేవి, తర్వాత ఎంత శుభ్రంగా కడిగినా అవి పోవు. ఇప్పటికే అలా వేయించుకుని ఉంటే దాచుకోకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళి చెప్పండి, హెపటైటిస్ బి టీకా ఎంత తొందరగా పడితే అంత మంచిది, రక్త పరీక్షలు ఎప్పుడెప్పుడు చేయించాలో వాళ్ళు చెప్తారు.

ఎండ తగలకుండా వదులు చొక్కా చేతులు కప్పుకోండి. సన్ స్క్రీన్ పచ్చి టాటూ మీద రాయకూడదు, పెచ్చులన్నీ రాలి చర్మం నున్నగా అయ్యాకే, అప్పటి నుంచి ఎస్పీఎఫ్ 30 గానీ అంతకంటే ఎక్కువ గానీ రాసుకోవాలి, బండి మీద తిరిగేవాళ్ళు జీవితాంతం.

తిండి విషయంలో మన ఇళ్ళల్లో పెద్ద పత్యం పెట్టేస్తారు, వంకాయ వద్దు, గోంగూర వద్దు, ఎండు చేప తింటే చీము పడుతుంది అని. మీకు ఏదైనా తింటే ముందు నుంచే దురద వస్తుంటే అది మానేయండి, లేకపోతే మామూలుగా తినండి. పుండు మానాలంటే ప్రొటీన్ కావాలి, పప్పు, గుడ్డు, చేప, పెరుగు అన్నీ తినాలి. వేసవిలో పఖాళ, అదే నీళ్ళు పోసిన చద్దన్నం, తాగితే ఒంటికి నీరు అందుతుంది, అది మంచిదే. మందు, సిగరెట్ ఆ రెండు వారాలైనా ఆపండి. షుగర్ ఉన్నవాళ్ళు కంట్రోల్లో ఉందో లేదో చూసుకున్నాకే షాపుకి వెళ్ళాలి.

ఇప్పుడు భయపడాల్సింది ఎప్పుడు, అక్కర్లేనిది ఎప్పుడు. మొదటి రెండు మూడు రోజులు ఎరుపు, వాపు, వేడి, నీరు ఊరడం అన్నీ మామూలే, రోజురోజుకీ తగ్గుతూ ఉండాలి, అదీ గుర్తు. మూడో రోజు తర్వాత తగ్గాల్సింది పెరుగుతుంటే, ఎరుపు టాటూ గీత దాటి చుట్టూ పాకుతుంటే, పచ్చటి చీమూ వాసనా వస్తుంటే, నొప్పి పోటు పెడుతుంటే, ఎర్రటి గీతలు పైకి పాకుతుంటే, జ్వరం చలి వస్తే ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి, రేపు చూద్దాం అనొద్దు. ఎరుపు పాకుతోందో లేదో తెలీకపోతే దాని అంచు వెంబడి పెన్నుతో గీత గీసి నాలుగైదు గంటలకోసారి చూడండి, గీత దాటితే బయల్దేరండి. బరంపురంలో అయితే ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది, కోరాపుట్ వైపు వాళ్ళకి అక్కడి మెడికల్ కాలేజీ, పర్లాకిమిడి వాళ్ళకి జిల్లా హాస్పిటల్. టాటూ అని చెప్పడానికి సిగ్గుపడొద్దు, ఎన్ని రోజులైంది, ఏమేం రాశారు, పసుపుతో సహా అన్నీ చెప్పండి. వారాలు గడిచాక కూడా ఒక రంగు ఉన్న చోటే, ముఖ్యంగా ఎరుపు ఉన్న చోట, బుడిపెలు లేచి దురద పెడితే అది ఇంకు అలర్జీ కావచ్చు, చర్మ డాక్టర్ చూడాలి. ఇంతకు ముందు గాయం మానిన చోట గట్టిగా ఉబ్బిన మచ్చలు వచ్చే ఒళ్ళు అయితే టాటూకి కూడా అలా రావచ్చు, వేయించుకునే ముందే ఆలోచించుకోండి. టెటనస్ టీకా వేసుకుని పదేళ్ళు దాటితే ముందే వేయించుకుని వెళ్ళండి.

రక్తదానం చేసేవాళ్ళు ఒక ఏడాది ఆగాలి, మన దేశంలో రూల్ అది, క్యాంపులో అడిగితే దాచొద్దు. ఆర్మీకి ప్రిపేర్ అవుతున్న తమ్ముళ్ళు ఇంకా ముందే ఆలోచించాలి, మోచేతి లోపలి వైపు నుంచి మణికట్టు దాకా, అరచేతి వెనక వైపు తప్ప వేరే చోట పర్మనెంట్ టాటూ ఉంటే ఒప్పుకోరు. ఆచారం ప్రకారం పచ్చబొట్లున్న గిరిజనులకి మాత్రం మినహాయింపు ఉంది, మన కొండల్లో కోందు పెద్దమ్మల మొహాల మీద చూస్తాం కదా అలాంటివి.

ఎక్కడైనా ఇంకు పోయి ఉంటే వెంటనే వెళ్ళి మళ్ళీ వేయించుకోకూడదు. కనీసం నెలన్నర ఆగాలి, పాలపొర పోయి తేటపడ్డాక పగటి వెలుతురులో చూస్తే ఏది నిజంగా పోయిందో ఏది మసకో తెలుస్తుంది. నేను రెండు నెలలు ఆగి, కాగితం మీద "మ్మ" ఒక్కటే పెద్దగా రాసి పట్టుకెళ్ళాను, ఆయన చూసి బాధపడి డబ్బు కూడా తీసుకోలేదు. ఆ వత్తు వెయ్యడానికి ఐదు నిమిషాలు పట్టలేదు గానీ దానికి కూడా మళ్ళీ అదే కడగడం, అదే శనగ గింజంత క్రీము, మళ్ళీ నాలుగు వారాలు గోపాలపూర్ బంద్. ఈసారి పాత దుప్పటి అమ్మమ్మే ఉతికి పరిచింది. రాత్రి నీళ్ళు తాగడానికి లేచినప్పుడల్లా టార్చ్ వేసి నా చెయ్యి గుడ్డకి అంటుకుందేమో చూసి, పక్కకి జరిపి, మళ్ళీ వెళ్ళి పడుకునేది.